వాగు ఒడ్డా, గుట్ట మీదా

సారమ్మకు ఆ రోజు తెల్లారినప్పటి నుంచీ ఒళ్లు మండుతూనే ఉంది. ధారూరు క్రైస్తవ జాతరకు ఏటా బస్సులో పోయే కనకమామిడి వాళ్లు ఈసారి ట్రాక్టరు ట్రాలీ మాట్లాడుకున్నారు. తెలంగాణ గొడవలు మొదలయ్యాక బస్సుల సంగతి దేవుడికే ఎరుక. మూడు ఇళ్ల సామానూ అందులోనే. బియ్యం బస్తా ఎక్కించిన వాళ్లే మళ్లీ దించారు. డేరా గుంజలు పడితే మనుషులు పట్టరు, మనుషులు ఎక్కితే గుంజలు పట్టవు. అయినా ఆమె కోపం సామాను మీద కాదు, మొగుడి మీద.

మొయినాబాదు బడిలో పంతులు సాముయేలు. నాలుగు రోజులుగా అతనిది ఒకటే పాట. ఈ యేడు వాగు ఒడ్డున దిగొద్దట, అనంతగిరి గుట్ట మీద డేరా వేసుకుని రోజూ జాతరకు పోయి రావాలట.

"జాతర కాడ పోలీసులుంటరు. గడ్‌బడైతే ఎట్ల?" అన్నాడు అందరూ వింటుండగా.

"పదకొండేండ్ల సంది వాగొడ్డుకు ఒక్క ఇప్పచెట్టు కిందనే దిగుతున్నం. బీదరు నుంచి మా అక్క సీదా ఆడికే వస్తది. మనం కనవడకపోతే ఎవల్నడగాలె?" అంది సారమ్మ.

అక్క సరోజమ్మ ముఖం ఆమె చూసేది ఏడాదికి జాతర మూడు రోజులే. పోయినేడు అక్కకు జ్వరం వచ్చి అదీ లేకపోయింది. ఈ మనిషికి అదేమైనా పట్టిందా? తన సొంత చెల్లెలైతే ఇలాగే గుట్టెక్కి కూర్చునేవాడా?

విసిగి విసిగి చివరికి ఆమె, వాళ్లందరిలో పెద్దదైన ప్రేమమ్మను పట్టుకుంది. డేరా గురించి మగవాళ్లు ఎంతైనా వాదించుకోవచ్చు గానీ, జాతరలో పొయ్యి ఎక్కడ పెట్టాలో చెప్పేది ఆడవాళ్లలో పెద్దామె. ఒకసారి చెప్పిందంటే తిరుగులేదు.

"గుట్ట మీద ఇంతమందికి నీళ్లేడ తెస్తం పెద్దమ్మా? నువ్వే చెప్పు."

"వాగు కాడనే పొయ్యి," అంది ప్రేమమ్మ. "ఇగ ఎవలు మాట్లాడొద్దు."

"అయితే పరిగి తొవ్వల కొడ్త. వికారాబాదు దిక్కు, గుట్ట దిక్కు పోయే ఫికరే లేదు," అన్నాడు ట్రాక్టరు నడిపే కుర్మయ్య.

సారమ్మ గెలిచినట్టు మొగుడి వైపు చూసింది. అతని ముఖంలో నెత్తురు లేదు. చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకుపోయాడు.

"మీ అక్క వాగు కాడికి రాదు. గుట్ట మీది దవాఖానల ఉన్నది. క్షయ. డాక్టర్లు చేతులెత్తేసిండ్రని మీ గిద్యోను బావ బడికి ఉత్తరం రాసిండు."

"నాలుగు దినాలు కడుపుల పెట్టుకున్నవా?"

"ఎవలకు చెప్పొద్దని ఆ ఉత్తరంల అక్కనే ఒట్టు వెట్టింది. పదిమందికి తెలిస్తే ఆమె పిల్లలను ఎవలు గడప తొక్కనియ్యరని. గుట్ట మీద దిగినంక నిన్ను తోలుకపోదామనుకున్న."

వాగు ఒడ్డే కావాలని పొద్దుటి నుంచి పట్టుబట్టింది తానే. తిట్టుకోవలసింది తననే. ట్రాలీ దగ్గరికి పరుగున వచ్చింది.

"పెద్దమ్మా, గుట్ట మీదికే పోదాం."

"ఎందుకు?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. "ఊకనే," అంది.

"పొద్దుగాల సంది మా పానం తీసి, నాతోని మాట అనిపించి, ఇప్పుడు ఊకనే అంటవా? పొయ్యి మాటంటే పిల్లలాట కాదు బిడ్డా. ఎక్కు."

"జల్ది ఎక్కుండ్రి," అన్నాడు కుర్మయ్య. "చేవెళ్ల కాడ రాస్తా బంద్ పెట్టకముందే దాటాలె."

సారమ్మ ఎక్కలేదు. ఎక్కితే, ఎక్కడ దిగి గుట్టకు పోతానన్నా ఎందుకని అడుగుతారు; అక్క పెట్టిన ఒట్టు నిలవదు. పొద్దుటి నుంచి పేర్చిన సామానులోంచి తన బట్టల మూట లాగింది. పైనున్న గిన్నెలన్నీ దొర్లి పడ్డాయి. పంతంగల్లదని ఎవరో అన్నారు. ఆ మాటా పడింది. ట్రాలీ కదిలిపోయింది.

"బస్సులు లేవు గద," అన్నాడు సాముయేలు.

"ఎంత దూరముంటది?"

"నలభై కిలోమీటర్ల పైననే."

ఆమె మూట నెత్తిన పెట్టుకుంది. "నడువు," అంది. "తొవ్వల కూసుందామని మాత్రం అనకు."