విమానానికి బొట్టు

మెర్సీకి తల ప్రాణం తోకకొచ్చింది. విమానానికి పూజంటే ఎంతసేపండీ? మహా అయితే అరగంట. చంద్రరావు గారి అమ్మగారు రత్నమాణిక్యం గారు మొదలుపెట్టి గంటన్నర దాటింది, ఇంకా ఒక చక్రానికి బొట్టు పెట్టడం మిగిలే ఉంది.

చంద్రరావు గారిది కడియంలో పూలమొక్కల పెద్ద నర్సరీ. పుణె, బెంగుళూరు కంపెనీలతో మాట్లాడి ఒక్క రోజులో తిరిగి రావాలని నాలుగు సీట్ల సెకండ్ హ్యాండ్ విమానం కొన్నాడు. దాన్ని నడపడానికి సామర్లకోట అమ్మాయి మెర్సీని పెట్టుకున్నాడు. లైసెన్సు పుచ్చుకుని నాలుగేళ్ళు ఇంట్లో కూర్చున్నాక ఆమెకి దొరికిన మొదటి ఉద్యోగమిది. అదీ ఉంటుందో ఊడుతుందో తెలియదు. తొలి ప్రయాణానికి పెట్టిన మొదటి ముహూర్తానికి తలుపు గడియ సరిగ్గా పడలేదని బయల్దేరనంది. రెండో ముహూర్తానికి బ్యాటరీ మొరాయించింది. "మూడోసారి కూడా ఏదో వంక చెప్పావనుకో, హైదరాబాద్ నుంచి వేరే పైలట్‌ని తెచ్చుకుంటానమ్మా, అంతే," అని తేల్చేశాడాయన. వంకట! గాల్లో తలుపు ఊడితే తెలిసొచ్చేది.

పంతులు గారికి రాజమండ్రి ఎయిర్‌పోర్టు లోపలికి పాసు దొరకలేదు. అందుకని పూజ రత్నమాణిక్యం మామ్మగారే చేస్తున్నారు. విమానాల దగ్గర కొబ్బరికాయ కొట్టడానికి వీల్లేదని సెక్యూరిటీ వాళ్ళు కాయ తీసేసుకున్నారు. ఆ లోటు పూడ్చాలని ఆవిడ పసుపు ముద్ద రెట్టింపు కలిపారు. ముక్కుకి బొట్టు, తోకకి బొట్టు, రెక్కలకి బొట్టు, ఎక్కడ చెయ్యి అందితే అక్కడ బొట్టు.

మెర్సీ ఎనిమిదింటికే విమానం చుట్టూ తిరిగి ప్రతి భాగాన్నీ తడిమి చూసుకుంది. అలా చూశాక ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. వేస్తే మళ్ళీ మొదటి నుంచి చూడాలి. "మామ్మగారండీ, రెక్కల జోలికి వెళ్ళకండి" అని నోటి దాకా వచ్చింది. మింగేసింది. దూరంగా వెళ్ళి ఫోనులో వాతావరణం చూస్తూ నిలబడింది. పూజ అయ్యాకైనా మరోసారి చుట్టూ తిరుగుదామనుకునేసరికి చంద్రరావు గారు వాచీ చూపిస్తూ గోల.

"పదీ నలభై దాటితే వర్జ్యం వచ్చేస్తుందమ్మా! ఎక్కు, ఎక్కు!"

ఎక్కింది. పక్క సీట్లో ఆయన, వెనక మామ్మగారు. టవర్ వాళ్ళు సరేనన్నారు. ఇంజన్ హోరెత్తి విమానం పరుగందుకుంది. ఇంజన్ ముళ్ళన్నీ పచ్చగీత మీద బుద్ధిగా ఉన్నాయి. వేగం చూపించే ముల్లు మాత్రం సున్నా దగ్గరే పడుకుంది. రన్‌వే పక్కన దీపాలు గబగబా వెనక్కి పోతున్నాయి. ముల్లు కదలదు. ఓరి నీ దుంప తెగ, కదలవే!

"లేపమ్మా, లేపు! వచ్చేసింది కదా స్పీడు!" హెడ్‌సెట్‌లో చంద్రరావు గారి కేక.

లేపొచ్చు. లేస్తుంది కూడా. కానీ లేచినదాన్ని వేగమెంతో తెలియకుండా మళ్ళీ కిందికి దింపాలి, కాస్త నెమ్మదైతే ముగ్గురూ పొలాల్లో పడతారు. లేపకపోతే ఉద్యోగం పోతుంది. మెర్సీ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నిజం చెప్పాలంటే రెండు క్షణాలు. అప్పుడు పవర్ మొత్తం వెనక్కి లాగేసి బ్రేకులు నొక్కింది. విమానం ఊగుతూ, కీచుమంటూ వెళ్ళి రన్‌వే మధ్యలో ఆగింది.

"అయిపోయింది! ముహూర్తం గంగలో కలిసింది!" తిరిగి పార్కింగ్‌కి వచ్చేదాకా ఆయన నోరు ఆగలేదు. మెర్సీ ఇంజన్ ఆపి, దిగి, తిన్నగా ఎడమ రెక్క కిందికి వెళ్ళింది. అక్కడ వేలంత గొట్టం ఒకటుంటుంది. ఎదురుగాలి దాని కన్నంలోకి దూరితేనే లోపల వేగం ముల్లు కదులుతుంది. ఆ కన్నం నిండా పసుపు, దాని మీద గుండ్రంగా కుంకుమ.

వెనకాలే వచ్చిన మామ్మగారు నోటి మీద చెయ్యేసుకున్నారు. "నేనే పెట్టానమ్మా. కన్నం ఉంటే బొట్టు నిలవట్లేదని నిండా కూరాను."

చంద్రరావు గారి మొహం పాలిపోయింది. అయినా ఊరుకుంటేనా! "నువ్వక్కడే ఉన్నావు కదమ్మా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

మెర్సీకి ఒళ్ళు మండిపోయింది. "చెబితే మీరేమనేవారండీ? కిరస్తానం పిల్ల, పూజంటే గిట్టదు అనేవారు కాదూ?"

"అనేవాణ్ణే," అన్నాడాయన.

ఆ మాటతో మెర్సీ కోపం చల్లారలేదు, తన మీదికి మళ్ళింది. ఆయన అనని మాటకి భయపడే కదా ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చింది! సిగ్గేసింది. "తప్పు మామ్మగారిది కాదండీ. మళ్ళీ చూడాల్సింది నేను, చూడలేదు. రిపోర్టులో అలాగే రాస్తాను. ఆ తర్వాత నన్ను ఉంచుతారో తీసేస్తారో మీ ఇష్టం."

మామ్మగారు కళ్ళొత్తుకుని, చీర చెంగు మెలిపెట్టి ఆ కన్నం తుడవబోయారు.

"ముట్టుకోకండి!" మెర్సీ అరిచింది. "ఎవరూ చెయ్యి పెట్టొద్దు. మెకానిక్ వచ్చి విప్పి చూడాలి."

ఆవిడ బిత్తరపోయి కొడుకు వైపు చూశారు. చంద్రరావు గారు తల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "పైలట్ గారు వద్దంటున్నారు కదమ్మా," అన్నాడు.