మూడు ప్లగ్గుల సందు

వ్యాన్ ముందు సీటు లేపి ఇంజన్ స్పార్క్ ప్లగ్గులు విప్పాను. మూడింట్లోనూ నిప్పురవ్వ దూకే సందు మూసుకుపోయి ఉంది. వారంలో ఇది రెండోసారి. స్కూలు పిల్లలను తీసుకుపోయే వ్యాన్ నాది, నడిపేదీ నేనే. ఇంకొక్క పొద్దు ఆగితే వేరేవాళ్ళను పెట్టుకుంటామని స్కూలువాళ్ళు చెప్పేశారు.

ఎందుకిలా అవుతోందో అత్త పోశవ్వకు ఏ అనుమానమూ లేదు. మా మామ బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి గట్టిదో బోలుదో చెప్పేవాడట. ఆ కప్పే ఒకరోజు ఆయన మీద కూలింది. "మీ మామనే తట్టుతుండు. కోడలు బండి తోలుడు ఆయనకు ఇష్టం లేదు," అంది అత్త. నిజం చెప్పొద్దూ, నాకూ భయమేసింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు ఇంట్లో గిన్నెలు వణుకుతాయి. ఆ వణుకు ఆగాక కూడా వ్యాన్ పెట్టే షెడ్డు వైపు నుంచి టక్, టక్, టక్ అని వినబడింది, రెండుసార్లూ వ్యాన్ చెడే ముందే. మొదటిసారి మామ ఫొటో ముందు కల్లు పెట్టి, తప్పయిందని దండం కూడా పెట్టాను. ఏం తప్పు చేశానో నాకే తెలియదు. రాత్రి డ్యూటీ చేసి పగలంతా ఇంట్లో ఉండే నా మొగుడు వీరేందర్ మాత్రం, డ్రైవరమ్మ మొగుడని షిఫ్టులో నవ్వుతున్నారనీ, వ్యాన్ అమ్మేస్తే ఫికర్ ఉండదనీ అన్నాడు.

కొత్త ప్లగ్గులకు గోదావరిఖని పోతే షాపతను మీ ఆయన్ని పంపమన్నాడు. పాతదాని మీద నంబరు చూపించి అవే ఇమ్మన్నాను. ఇంటికొచ్చి ఒక్కోదాని సందులో కొలిచే గేజి రేకు దూర్చి, అది కాస్త పట్టి పట్టి జారేదాకా కొనను సవరిస్తుంటే నాకొకటి తట్టింది. వాడేకొద్దీ కొన అరిగి సందు పెరగాలి. మూసుకుపోవాలంటే ఎవరో విప్పి కొట్టాలి. ప్లగ్గుపానా పట్టడం ఈ ఇంట్లో ఇద్దరికే వచ్చు. చచ్చినవాడు తట్టడం కంటే ఇదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వ్యాన్ బాగైందని అందరికీ వినబడేలా చెప్పాను. కానీ ప్లగ్గులు బిగించలేదు. కొంగులో మూటగట్టుకుని బియ్యం చెరుగుతూ కూర్చున్నాను. బ్లాస్టింగ్ అయింది. గిన్నెలు వణికి ఆగాయి. టక్కుమని ఒక్క చప్పుడూ రాలేదు.

చాలాసేపటికి వీరేందర్ షెడ్డులోంచి వచ్చాడు. చేతులకు గ్రీజు, జేబులోంచి పానా కనబడుతోంది. ఎదురుగా కూర్చుని నా మొహం చూశాడు, నేల చూశాడు, ఏదో అడగబోయి ఆగాడు. ప్లగ్గులేవని అడిగితే సీటు ఎందుకు లేపావని నేను అడుగుతాను. చేతులు కడుక్కో, అన్నం పెడతాననడం నాకు పన్నెండేళ్ళ అలవాటు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అనలేదు.

"పానా ఇటియ్యి," అన్నాను. "రేపు ఆరింటికి బండి తియ్యాలె."