మా అత్త రాగం తీస్తే

మా అత్త ఎలీషబా గొంతు విన్నవాళ్ళం ఇప్పుడు పల్లెలో కొద్దిమందిమే మిగిలినాం. నా భర్త పోయినాక, తల నెరిసే వయసులో, మార్కాపురం మిషను బడి అరుగుమీద నేను అక్షరాలు దిద్దుకున్నా. రాయడం చేతనైనాక ముందుగా ఆమె పాడిన పదాలే రాయాలనుకున్నా. రాసి చూసుకుంటే అవి గంపలో ఎండుచేపల మాదిరి పడి ఉన్నాయి. మాటలన్నీ ఉన్నాయి, ఆమె లేదు. అందుకని పదాలు పక్కనపెట్టి, ఒక దినాన జరిగిన సంగతి రాస్తున్నా.

ఆమె తిరగలి దగ్గర కూచుంటే పక్కిండ్ల ఆడవాళ్ళు వాళ్ళ జొన్నలు మా ఇంటికే ఎత్తుకొచ్చేవాళ్ళు. మా రాయికి పిండి మెత్తగా పడుతుందని సాకు చెప్పేవాళ్ళు. అన్ని ఇండ్లలో రాయి ఒకటే. వాళ్ళు వచ్చేది పాట కోసం. నేను కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆ పాటకే లేచేదాన్ని. కండ్లు తెరవకుండా, చాపమీదే, ఇంకొక చరణం అయినాక లేద్దాంలే అనుకుంటా పడుకునేదాన్ని. ఆమెకు తెలుసు. "కోడలా, పాట అయిపోయింది, ఇంక పని ఉంది" అనేది.

అయితే ఆమెకు పేరొచ్చింది తిరగలి పాటకు కాదు. చావు ఇంట్లో రాగం తీసి ఏడ్చేదానికి. అప్పుడు ఆమె పేరు ఓబుళమ్మ. పోయిన మనిషి ఇంటి ఆడమనిషి మెడచుట్టూ చెయ్యి వేసి, తల తలకు ఆనించి, ఆ మనిషి పుట్టింది మొదలు పోయిందాకా అన్నీ రాగంలో చెప్పేది. వాళ్ళు తిన్నది, కట్టింది, నవ్వింది, కోపగించింది. రాయి మాదిరి కూచున్నవాళ్ళు కూడా కరిగి ఏడ్చి, ఏడ్చినాక తేలికపడి లేచేవాళ్ళు. పెద్దిండ్లవాళ్ళు కూడా మనిషిని పంపేవాళ్ళు. వాకిటి బయటే కూచోబెట్టేవాళ్ళు, అయినా పంపేవాళ్ళు.

రాగంలో ఇంకొకటి ఉండేది. ఉత్తప్పుడు అనలేని మాట రాగంలో అనొచ్చు. అత్తకు గంజి పోయని కోడలిని, తల్లిని పాకలో పడుకోబెట్టిన కొడుకును, అందరూ వింటుండగా పాటలో పెట్టి కడిగెయ్యొచ్చు. చావు ఇంట్లో రాగాన్ని మధ్యలో ఆపకూడదని మా పక్క ఊర్ల కట్టు. అందుకే ఆమె వస్తుందంటే కొందరికి ఓదార్పు, కొందరికి గుండెదడ.

మా పల్లెలో సగం ఇండ్లు బాప్తిస్మం తీసుకున్న ఏడాదే మేమూ తీసుకున్నాం. ఓబుళమ్మ ఎలీషబా అయింది. కరుణాకరం అని ఒంగోలు దిక్కునుంచి ఉపదేశి వచ్చినాడు. చిన్నవాడు, మంచివాడు, నడుస్తా చదివేవాడు, రాళ్ళు తగిలి తూలేవాడు. ఆయన ఒకసారి, నిరీక్షణ లేనివాళ్ళ మాదిరి దుఃఖపడవద్దని వాక్యం చెప్పినాడు. మా సంఘపెద్దలు దాన్ని పట్టుకొని, విశ్వాసులు చావుకు ఏడవనే కూడదని కట్టు చేసినారు. రాగం తీసినవాళ్ళకు ప్రభువు బల్లలో, అంటే గుడిలో రొట్టె, రసం పంచుకునే పంక్తిలో, చోటు లేదన్నారు. ఆ కట్టు గట్టిగా పట్టింది సంఘపెద్ద మాల్యాద్రి. బాప్తిస్మంలో ఆయనకు మోషే అని పేరు పెట్టినా నోరు తిరగక అందరూ మాల్యాద్రి అనే పిలిచేవాళ్ళు.

మా చావులు పొడిగా జరగబట్టినాయి. మజ్జిగ పోసేదానికి వచ్చే గొర్లకాపరోళ్ళ నాగేంద్రమ్మ నవ్వేది.

"ఏమే ఓబుళక్కా, మీ కొత్త దేవుడు కన్నీళ్ళకు గూడా శిస్తు ఏసినాడంటనే?"

"శిస్తు గాదులే. అన్నీ పోగుచేసి పైన ఒకేసారి ఇస్తాడంట" అనేది మా అత్త.

కట్టుకు అందరికంటే ముందు తల ఊపింది ఆమే. నాకు ఆశ్చర్యమైంది. అంత గొంతును ఎట్ల మూసిపెట్టుకుందో, ఎందుకు మూసిపెట్టుకుందో తెలియలేదు. తిరగలి దగ్గర కూడా పాట తగ్గింది. రాయి చప్పుడు ఒకటే వినపడేది. నేను తొందరగా లేవడం నేర్చుకున్నా.

ఒక ఆదివారం కరుణాకరం అయ్య తలాంతుల ఉపమానం చెప్పినాడు. యజమాని ఇచ్చిన తలాంతు సొమ్మును వాడి పెంచినవాళ్ళను మెచ్చుకున్నాడు, భూమిలో పాతిపెట్టినవాణ్ణి తోసేసినాడు అని. "దేవుడు మీకిచ్చిన వరాన్ని పాతిపెట్టకండి" అన్నాడు. గుడి అయినాక అందరూ లేచిపోతుంటే మా అత్త ఆయన దగ్గరకు పోయింది.

"అయ్యా, పాతిపెట్టినోణ్ణి తిట్టినాడు, సరే. ఆ తలాంతుతో ఒకరి కొంప కూల్చినోణ్ణి ఏం జేసినాడు? దాని సంగతి చదవకపోతిరే."

ఆయన పుస్తకం తెరిచినాడు, మళ్ళీ మూసినాడు. "అక్కడ అది రాసిలేదమ్మా. నేనూ ఆలోచించలేదు" అన్నాడు.

"ఆలోచించండయ్యా. నాకు కావాల" అని ఇంటికొచ్చింది. ఏందత్తా అది అంటే చెప్పలేదు.

ఆ వానాకాలంలో మాల్యాద్రి తమ్ముడు దానయ్య పోయినాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. పలకరాయి గనిలో పనికి ఇంటికొక మనిషి పోవాల. ఆ వారం వంతు మాల్యాద్రిది. దొనకొండ పక్క ఊర్లో ఎద్దు అమ్మకానికి ఉందని ఎవరో చెబితే ఆయన తమ్ముణ్ణి గనికి పొమ్మని, తాను రైలెక్కి పోయినాడు. రాత్రంతా కురిసిన వానకు గని గోడ నానింది. పొద్దున అది జారింది. మాల్యాద్రి ఎద్దును తోలుకొని వచ్చేసరికి తమ్ముణ్ణి వాకిట్లో పడుకోబెట్టి ఉండారు.

ప్రార్థన చేసి పొడిగానే మట్టి చేసినారు. దానయ్య పెండ్లాం దయామణి ఏడవలేదు. ఒళ్ళో పాలుతాగే బిడ్డ. ముందు అందరూ "ఎంత విశ్వాసం" అన్నారు. ఆ మాట తొందరలోనే ఆగిపోయింది. ఆమె తినదు, పలకదు, గోడకు ఆనుకొని కూచున్నది కూచున్నట్టే. నోట్లో గంజి పోస్తే పెదిమల పక్కనుంచి కారేది. పాలు ఇంకిపోయినాయి. బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఏడ్చే బలం కూడా లేక మూలిగేది. నాగేంద్రమ్మ మేకపాలు తెచ్చి గుడ్డతో పిండుతుంటే అది మింగలేక కక్కేది.

"అది ఏడవకపోతే చస్తాది. బిడ్డా చస్తాది" అన్నది నాగేంద్రమ్మ, వాకిట్లో నిలబడి గట్టిగానే. "ఓబుళక్కను పిలవండి. రాగం తీసి ఏడిపించమనండి దాన్ని."

గడప దగ్గర కూచున్న మాల్యాద్రి తల ఎత్తకుండానే, "రాగాలు వద్దు. మనం విశ్వాసులం" అన్నాడు.

"విశ్వాసమా, భయమా, మాల్యాద్రీ?"

వాకిట్లో ఉన్నవాళ్ళందరూ నేల చూసినారు. ఎవరి వంతుకు ఎవరు పోయినారో తెలియనిది ఎవరికి? మా అత్త రాగం తీస్తే ఆ మాట రాకుండా పోదని అందరికీ తెలుసు. వస్తే ఆ ఇంట్లో ఇంక పొయ్యి ఒకటిగా ఉండదు. దయామణికి పుట్టింటి దిక్కు లేదు. బిడ్డను ఎత్తుకొని ఎక్కడికి పోతుంది?

నేను ఇంటికి పరుగెత్తినా. మా అత్త చేటలో వరిగలు చెరుగుతుంది.

"అత్తా, దయామణి దక్కేటట్టు లేదు. నువ్వు రావాల."

"నేను రాను."

"బల్లలో చోటు పోతాదనా?"

"బల్ల దేవునిది. ఆయన చూసుకుంటాడు." చేట కింద పెట్టింది. "నాకు నా నోరంటేనే భయమే, సుగుణా. అందరూ నా గొంతులో తేనె ఉందంటారు. తేనె వెనక ముల్లు ఉంది. వెంకటసుబ్బయ్యోళ్ళ అమ్మ పోయినప్పుడు నన్ను పిలిచినారు గదా. పెద్దకొడుకు పెట్టిన కూడు గురించి ఒక పదం కట్టినా. ఎంత బాగా కుదిరిందో! జనం ఆహా అన్నారు. చేట నిండా జొన్నలు పోసినారు. నెల తిరక్కముందే అన్నదమ్ముల నడుమ గోడ లేసింది. ఆ పెద్దోడు ఊరిడిసి గిద్దలూరు దిక్కు పోయినాడు. మళ్ళ రాలేదు. ఆ పదం పాడేటప్పుడు నాకు ఏడుపు రాలేదే, సుగుణా. సంతోషంగా ఉన్నింది. పదం కుదిరిందని సంతోషం."

నేను చేట పక్కకు జరిపి, "ముల్లుందని గొంతు మూసుకుంటే ఆ బిడ్డకు ఏం చెబుతావు?" అన్నా.

ఆమె నన్ను చూసింది. కొత్తకోడలుగా వచ్చిననాటినుంచి నేను ఆమెకు ఎదురు మాట అనడం అదే మొదలు. లేచి కొంగు నడుముకు దోపుకుంది. గడప దాటుతా ఆకాశం దిక్కు చూసి, పక్కింటామెతో అన్నట్టు, "ఇచ్చినోడివి నువ్వే. పక్కన ఉండు మరి" అన్నది.

మేము పోయేసరికి మాల్యాద్రి తలుపు పక్కన నిలబడినాడు. అడ్డం రాలేదు, పక్కకూ జరగలేదు. మా అత్త ఆయన్ను రాసుకొనే లోపలికి పోయింది. దయామణి పక్కన కూచుంది. మెడచుట్టూ చెయ్యి వేసింది. తల తలకు ఆనించింది. చానాసేపు ఏమీ పాడలేదు. ఊరకనే ఊగింది, బిడ్డను నిద్రపుచ్చేదాని మాదిరి. తరువాత సన్నగా ఎత్తుకుంది.

"పొద్దుటి సంగటి ముద్ద చట్టిలోనే ఉండె, తినకపోతివి కొడుకా
దండెంమీది తలగుడ్డ తడిగానే ఉండె, కట్టకపోతివి కొడుకా"

ఎన్నేండ్లయిందో ఆ గొంతు విని! మూతపెట్టిన గొంతు గదా, మొదట బొంగురుపోయింది. పోను పోను తేరుకుంది. దానయ్య చిన్నప్పుడు మేకల వెంట పరుగెత్తింది వచ్చింది. పెండ్లిలో సిగ్గుపడి తలుపు చాటుకు పోయింది వచ్చింది. బిడ్డ పుట్టినప్పుడు ఎత్తుకునేదానికి భయపడి చేతులు వెనక్కి పెట్టుకున్నది వచ్చింది. యముని పేరు రాలేదు, తలరాత రాలేదు. ఆ చోటుల్లో తండ్రి ఇల్లు అని, తెల్లవారే పొద్దు అని వచ్చినాయి. వాకిట్లో ఆడవాళ్ళు ఒకరి తరువాత ఒకరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దయామణి మాత్రం గోడనే చూస్తుంది.

పాట గని దగ్గరకు వచ్చింది.

"వాన వెలిసిన పొద్దున గనికి పోతివి కొడుకా…" అని మా అత్త ఆగింది.

తరువాతి పదం ఎవరి గురించో పిల్లలకు కూడా తెలుసు. మాల్యాద్రి తలుపును రెండు చేతులా పట్టుకున్నాడు. మా అత్త పెదిమలు కదిలినాయి, మూసుకున్నాయి. ఒకసారి గుటక వేసింది. తరువాత పాడింది.

"ఎద్దును తోలుకొని అన్న ఇల్లు చేరె కొడుకా
తమ్ముడా చూడరా అని పిలిచె, పలకకపోతివి కొడుకా
ఎవరితో దున్నేనని అన్న వాకిట నిలిచె
కాడికి ఒక్క మెడే మిగిలె కొడుకా"

మాల్యాద్రి తలుపు పట్టుకునే కిందికి జారినాడు. అంత పెద్ద మనిషి, సంఘపెద్ద, "తమ్ముడా" అని ఒక కేక పెట్టినాడు. అది మనిషి కేక మాదిరి లేదు. ఆ కేకకు దయామణి తల తిరిగింది. గోడను విడిచి ఆయన్ను చూసింది. చూసి చూసి, ఆమె మొగం పగిలింది. మా అత్త ఒళ్ళో పడి ఏడ్చింది. అట్లాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. ఆమెకు దగ్గు వచ్చేదాకా, ఆయాసం వచ్చేదాకా, మా అత్త వీపు నిమురుతా, పదాలు లేకుండా ఉత్త రాగమే తీస్తా కూచుంది.

ఎవరో పోయి చెప్పినట్టుంది, కరుణాకరం అయ్య పరుగున వచ్చినాడు. లోపలికి చూసినాడు. చెప్పులు విడిచి గడప బయటే కూచున్నాడు. చానాసేపటికి మా అత్త లేచి వచ్చింది.

"కట్టు దాటినానయ్యా. బల్లలోనుంచి తీసెయ్యండి."

ఆయన కండ్లు తుడుచుకున్నాడు. "మీరు ఆనాడు ఒక మాట అడిగారు. నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నానమ్మా. ఈలోగా మిమ్మల్ని తీసే అధికారం నాకెక్కడిది?"

లోపల దయామణి కొంగుతో మొగం తుడుచుకుంది. నాగేంద్రమ్మ చేతిలో గంజి ముంత చూసింది. తీసుకోలేదు. గడప దగ్గర ఇంకా నేలమీదే ఉన్న మాల్యాద్రి దిక్కు చెయ్యి చూపించింది.

"ముందు బావకు ఇయ్యి. ఆయనా తినలేదు" అన్నది.

దానయ్య పోయినాక ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట అది. మాల్యాద్రి ఆ ముంత రెండు చేతులతో పట్టుకొని, తాగలేక, తాగకుండా ఉండలేక, ఏడుస్తా తాగినాడు. తరువాత ఆమె తాగింది. పొద్దు వాలేలోపల బిడ్డను రొమ్ముకు వేసుకుంది.

ఇంటికొచ్చే దోవలో నేను ఉండబట్టలేక అడిగినా. "ఆడ ఎందుకు ఆగినావత్తా?"

"రెండు పదాలు ఒకేసారి నోటికొచ్చినాయి" అన్నది. "ఒకటి చానా బాగా కుదిరింది. అట్లాంటిది నా జన్మలో కట్టలేదు. దాన్ని మింగినా. రెండోది అంత బాగలేదు. అది పాడినా."

"ఏంది ఆ మింగిన పదం?"

"మింగినానంటి గదా" అని ముందుకు నడిచింది. పొయ్యిలో నిప్పు ఉందో లేదో చూడమన్నది.