ఆలంబీతోటి బేరం

పటాన్‌చెరుల రేకు పెట్టె కొన్నోళ్ళల్ల ఆలంబీ నోట్ల పడకుండ బయటపడ్డోడు ఒక్కడు లేడు. పెట్టెలు చేసేది ఆమె పెనిమిటి జహూర్. సుత్తె పట్టిండంటే పొద్దుగూకేదాక తల ఎత్తడు, నోరు విప్పడు. అమ్మేది ఆలంబీ. ఇంట్ల ఉర్దూ, షాపుల తెలుగు, కోపమొస్తే రెండూ. ముంగట ఎత్తు స్టూలు మీద కూసోని గిరాకి మొఖం కాదు, కాళ్ళు చూస్తది. "మస్తు ఎక్కువ చెప్తున్నవమ్మా" అని వెనక్కి మర్లినోని మడిమెలు పూర్తిగ తిరిగినయా, వాడు పోతడు. సగమే తిరిగినయా, పిలుపు కోసం చూస్తున్నట్టు. గసుంటోన్ని "ఇగ రా బిడ్డా, నీ మాట కాదు నా మాట కాదు" అని పిలిచి పెట్టె అంటగట్టేది. కొన్నోడు నేనే గెలిచిన అనుకుంట పోయేటోడు, ఆలంబీ నేనే గెలిచిన అనుకుంట చాయ్ తాగేది.

ఆ చాయ్‌లు తగ్గినయి. ఒకప్పుడు పాశమైలారం కంపెనీలల్ల పనికొచ్చిన బీహారోళ్ళు, ఒడిశావోళ్ళు రూమ్ దొరకంగనే ముందు ట్రంకు పెట్టె కొనేటోళ్ళు. ఇప్పుడు చక్రాల బ్యాగులు గుంజుకుంట దిగుతున్నరు. ఫోన్ కవర్లు అమ్మే వెంకట సాయి అనేటాయన వచ్చి షాపు కిరాయికిస్తరా అని అడిగి పోయిండు. షట్టర్ సొంతదే, ఇయ్యాలంటే ఇయ్యొచ్చు. జహూర్ ఒకనాడు సుత్తె కింద పెట్టి, ఏడాదికి సరిపోయే మాటలు ఒక్కపారే మాట్లాడిండు.

"హాస్టళ్ళు తెరిచేదాక చూస్త. అప్పటికి గూడ గిరాకి లేకుంటె షట్టర్ కిరాయికిస్త. నేను ఏదన్న కంపెనీల పనికి పోత."

"మరి నేను?" అన్నది ఆలంబీ.

"ఇంట్ల ఉండు. రెస్ట్ తీస్కో."

రెస్ట్ అంట, రెస్ట్! ఆలంబీకి ఒళ్ళు మండింది. ఇన్నేండ్లు బజారు మొత్తంతోటి మాట్లాడిన మనిషి ఇప్పుడు గోడలతోటి మాట్లాడాల్నా? ఆ రాత్రి అన్నం గూడ సయించలె.

బిడ్డ తహ్రీమ్ సంగారెడ్డిల డిగ్రీ చదివింది, కంప్యూటర్ మంచిగొచ్చు. "అబ్బా, జెర ఆగు. నేను మన షాపుకు వెబ్‌సైటు చేస్త" అన్నది తండ్రితోటి. జహూర్ తల ఊపిండు. తెల్లారి నుంచి తహ్రీమ్ పెట్టెలను ఎండల పెట్టి, తుడిచి, మూత తెరిచి, మూత ఏసి ఫోటోల మీద ఫోటోలు. అంత అయినంక తల్లి దగ్గరకొచ్చింది.

"అమ్మీ, ఈ పెద్దపెట్టె ధరెంత?"

"ఎవరికి?"

"ఎవరికేంది? పెట్టె ధర చెప్పు."

"పెట్టెకు ధర యాడిదే? కొనేటోనికుంటది. మేస్త్రీకి ఒకటి, పెండ్లోళ్ళకు ఒకటి. హాస్టల్‌కు పోయే పిల్ల ఏడ్చుకుంట నిలబడితె ఇంకొకటి."

"వెబ్‌సైటుల మనిషి కనబడడు అమ్మీ."

"మరి బేరమెట్ల ఆడుతరు?"

"ఆడరు. చూస్తరు, నచ్చితె కొంటరు."

బేరమే లేని దుకాణంల ఆలంబీతోటి పనేంది? కని ఆ మాట పైకి అనలె. "రాసుకో మరి" అని ఒక్కొక్క పెట్టెకు బేరానికి జాగ ఇడిసి, రెండింతల దాక కలిపి చెప్పింది. అది మోసం అనుకునేరు, కాదు. అంగట్ల అందరికెరుకైన మర్యాదే. మొదలు ఎక్కువ చెప్పకుంటె గిరాకి తగ్గించేదేంది, సంబురపడేదేంది? తహ్రీమ్‌కు అసలు ధరలు ఎన్నడూ తెల్వయి. ఒక్కొక్కనికి ఒక్కొక్క తీరుగ అమ్ముతుంటె ఎట్ల తెలుస్తది పాపం? చెప్పింది చెప్పినట్టు ఎక్కించింది.

వెబ్‌సైటు మాత్రం ముచ్చటగ వచ్చింది. తహ్రీమ్ దాన్ని సంగారెడ్డి హాస్టళ్ళ గ్రూపులల్ల పెట్టింది, ఇంద్రేశం కొత్త కాలనీల గ్రూపులల్ల పెట్టింది, ఫేస్‌బుక్కుల ఎక్కించింది. చూసినోళ్ళు మస్తుమంది. కొన్నోడు ఒక్కడు లేడు. పిల్ల పొద్దున లేస్తె ఫోన్ చూసుడు, ఉసూరుమనుడు. మధ్యల వెంకట సాయి టేపు పట్టుకోనొచ్చి గోడలు కొల్చుకున్నడు. "ఈడ లైట్లు పెడ్త ఆంటీ, జిగేల్‌మంటది" అన్నడు.

"పెడ్తవు పెడ్తవు. ముందుగాల నా పెట్టె మీదికెల్లి కాలు తియ్యి" అన్నది ఆలంబీ.

ఆదివారం నాడు ఇంద్రేశంల కొత్తగ ఇల్లు కట్టుకున్న నిషిత అనే ఆమె స్కూటీ మీద వచ్చింది. దుప్పట్లు పెట్టుకునేటందుకు పెట్టె గావాలె. "వెబ్‌సైట్‌లో చూశాను ఆంటీ. రేటు చూసి భయమేసింది, అయినా ఒకసారి అడిగిపోదామని వచ్చాను."

ఆలంబీ స్టూలు మీద సర్దుకోని కూసున్నది. ఇద్దరు ఆడోళ్ళు మొదలువెట్టిండ్రు. నిషిత రెండుసార్లు పోయినట్టు చేసింది, ఆలంబీ రెండుసార్లు పిలిచింది. ఆఖరికి వెబ్‌సైటుల ఉన్నదాంట్ల సగం కంటె జెర ఎక్కువకు పెట్టె తెగింది. నిషిత నవ్వుకుంట, "ఈ మాట ఫోన్లోనే చెప్తే ఎప్పుడో కొనేదాన్ని కదా ఆంటీ" అన్నది.

లోపట ఉన్న తహ్రీమ్ చెవుల ఆ మాట పడ్డది.

"అమ్మీ! బేరం రేట్లు చెప్పినవా నాకు?" ఉరికొచ్చింది. "ఇన్ని దినాలు నా ఫోటోలు బాగలేవనుకున్న, నాకు పని రాదనుకుని ఏడ్చిన! ఇప్పుడే తగ్గిస్త. అన్నిటికి ఫిక్స్‌డ్ రేటు పెడ్త."

"పెట్టుకో!" ఆలంబీ స్టూలు దిగింది. "పెట్టె మీ అబ్బా చేస్తడు, ఫోటో నువ్వు పెడ్తవు, రేటు ఆ వెబ్‌సైటే చెప్తది. మరి నేనేం చెయ్యాలె? ఊడ్చుకుంట కూసోవాల్నా? నీ వెబ్‌సైటుల అన్నిటికి జాగ ఉన్నది, మీ అమ్మీకి ఏదే?" అన్నది. కండ్లల్ల నీళ్ళు ఆగలె. కొంగుతోటి తుడుసుకున్నది.

పెట్టె కోసం ఆటోను పిలిచి నిలబడ్డ నిషితే అన్నది, "నిజం చెప్పనా? పెట్టె కంటే ఆంటీతో బేరమే నాకు బాగా నచ్చింది."

తెల్లారి వెబ్‌సైటుల రేట్లు అట్లనే ఉన్నయి, కని ప్రతి పెట్టె కింద ఎర్రగ ఒక బటన్ వచ్చింది. "రేటు ఎక్కువ అనిపిస్తుందా? ఆలంబీతోటి బేరం ఆడుండ్రి." అది ఒత్తితె సీదా ఆలంబీ వాట్సాప్‌కే. గొంతుతోటి మాట పంపితె, ఆమె గొంతుతోటే మాట వస్తది.

మొదటి మాట పంపింది సంగారెడ్డిల జిరాక్స్ సెంటర్ నడిపే రాజశేఖర్. "అమ్మా, సగం ధరకిస్తవా?"

ఆలంబీ ఫోన్ నోటికాడ పెట్టుకున్నది. "ఎందుకియ్య కొడుకా? సగం ధరకు సగం పెట్టె. మూత కావాల్నా, అడుగు కావాల్నా? మూత తీస్కపోతె వానల నెత్తి మీద పెట్టుకోవచ్చు."

రాజశేఖర్ పడి పడి నవ్వి, పెట్టె కొని, ఆ మాటను ఎరుకైన గ్రూపులన్నిట్ల ఏసిండు. ఇగ చూడుండ్రి! బొంతపల్లి నుంచి, జహీరాబాద్ నుంచి, యాడెక్కడి నుంచో బేరాలు. "కొనేది లేదు ఆంటీ, ఊరికె ఒకపారి తిట్టు" అని అడిగినోళ్ళు గూడ ఉన్నరు. ఆలంబీ వాళ్ళను ఉత్తగనే తిట్టింది. రోజుకొకటో రెండో పెట్టెలు పోవుడు షురువైంది.

జహూర్ మాత్రం నవ్వలె. "నవ్వేటోళ్ళు మస్తుమంది. కొనేటోళ్ళు చాలరు" అన్నడు. అది గూడ నిజమే. హాస్టళ్ళు తెరిచే రోజులు దగ్గరకొచ్చినయి, వెంకట సాయి అడ్వాన్స్ తెస్త అని కబురు పెట్టిండు.

గప్పుడొచ్చింది వెంకటేశం మాట. సంగారెడ్డి అవతల ఆయనకు ఆడపిల్లల హాస్టల్ ఉన్నది. పిల్లలందరికి పెట్టెలు గావాలె. అంత పెద్ద బేరం ఈ షాపుకు ఎన్నడూ రాలె. ఆయన అడిగిన ధరకిస్తె రేకు ఖర్చు గూడ రాదు. ఆలంబీ దిగింది, ఆయన ఎక్కిండు, మళ్ళ ఆమె దిగింది. ఆఖరికి ఆయన మాట కరుకుగ వచ్చింది. "ఇదే ఆఖరు. లేకుంటె వేరేకాడ చూసుకుంట. ఏమంటవమ్మా?"

"ఒప్పుకో అమ్మీ!" తహ్రీమ్ చెయ్యి పట్టుకున్నది. లోపట సుత్తె చప్పుడు ఆగిపోయింది.

షాపుల అయితె ఆలంబీ మడిమెలు చూసేది. ఫోన్ల మడిమెలు యాడ చూస్తది? ఆ మాటనే మళ్ళ పెట్టి ఇన్నది. ఇంకోపారి ఇన్నది. తప్పైతె షాపు పోతది, స్టూలు పోతది, అంతా పోతది.

"పోయేటోడు పోతడు," అన్నది మెల్లగ. "పోయేటోడు 'ఏమంటవమ్మా' అని అడుగడే."

ఫోన్ ఎత్తి, "నా మాట అదే వెంకటేశమన్నా. ఇంకో రూపాయి దిగ. కని ప్రతి పిల్ల పేరు మూత మీద మా ఆయన రంగుతోటి రాసిస్తడు. నీ పిల్లలు పెట్టెల కోసం కొట్లాడుకోరు" అని పంపింది.

ఇన్నట్టు నీలం గీతలు పడ్డయి. జవాబు లేదు. చాయ్ చల్లారింది. తహ్రీమ్ గోర్లు కొరుక్కుంటున్నది. జహూర్ బయటికొచ్చి రోడ్డు దిక్కు చూసుకుంట నిలబడ్డడు. ఎప్పటికో ఫోన్ టింగుమన్నది.

"మొండి మనిషివమ్మా నువ్వు. సరే, చేపియ్యి."

తహ్రీమ్ పెట్టిన కేకకు పక్క షాపోళ్ళు ఉరికొచ్చిండ్రు. జహూర్ పోయి అందరికీ చాయ్ చెప్పొచ్చిండు.

ఆ చాయ్‌లు తాగుతుండంగనే వెంకట సాయి అడ్వాన్స్ పట్టుకోని దిగిండు. షట్టర్ ఇయ్యం అంటే ఆయన ఇంటడా? కిరాయి పెంచిండు. మళ్ళ పెంచిండు. "అందరితోటి బేరమాడుతవు, నాతోటి ఆడవా ఆంటీ? ఎంతకిస్తవో నువ్వే చెప్పు" అన్నడు.

అందరు ఆలంబీ దిక్కు చూసిండ్రు. ఆమె ఆయన కాళ్ళు చూడలె, మొఖమే చూసింది.

"దీని మీద బేరం లేదు బిడ్డా" అన్నది.

జహూర్ ఆమెను అట్లనే చూసుకుంట నిలబడ్డడు. వెంకట సాయి టేపు జేబుల ఏసుకోని, ఎవరో అందించిన చాయ్ తాగి పోయిండు. ఫోన్ల ఇంకెవరో అడ్డగోలు తక్కువకు అడుగుతున్నరు. ఆలంబీ గొంతు సవరించుకున్నది.