దొరకి తోడు

అయినా తోడు కావాలని దొర ఎప్పుడన్నాడు, కుక్కకి బెంగ అని కనిపెట్టింది మనుషులే కదా, వాడు చూడబోతే అతని పాదం మీద గడ్డం ఆనించి పడుకుని, ఎదురుగా సోఫాలో భార్య ఒళ్లో ఉన్న గోధుమరంగు కుక్కపిల్ల వైపు ఒక్కసారి చూసి, ఈ గొడవ మనకెందుకులే అన్నట్టు కళ్లు మూసుకున్నాడు, వాడి పని హాయి, కళ్లు మూసుకుంటే సరిపోతుంది, ఇక్కడ ముగ్గురూ అతని మొహం వైపే చూస్తున్నారు, అందులోనూ అత్తగారు మరీ ఆప్యాయంగా, మీ ఇష్టం అల్లుడుగారూ, మీరు వద్దంటే ఈ క్షణమే వెనక్కి పంపించేద్దాం, బలవంతమేం లేదు, అంటూ నవ్వుతోంది, ఆ నవ్వులో పైవరస పళ్లన్నీ అతను కట్టినవే, తను పనిచేసే పళ్ల ల్యాబులో మైనం మీద ఒక్కొక్కటే నిలబెట్టి, రంగు కుదరలేదని పీకి మళ్లీ పెట్టి, కన్నతల్లికైనా అంత శ్రద్ధగా కట్టి ఉండడు, ఇప్పుడా పళ్లతోనే మీ ఇష్టం అంటోంది, వద్దంటే నోరులేని జీవాన్ని వీధిలోకి గెంటిన రాక్షసుడు, సరేనంటే ఆ ఇల్లు చేజారినట్టే, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఆ ఇల్లంటే మహా రాజమహలేమీ కాదు, టైర్ల కొట్టు మీద మూడో అంతస్తు, రెండే గదులు, కిటికీ తీస్తే రబ్బరు వాసన, రేపు వెళ్లి సంతకం పెడితే తాళం చేతికొస్తుంది, ఓనరమ్మ పెట్టిన షరతు ఒక్కటే, ఒక కుక్కయితే సరే, రెండోది గడప తొక్కిందా మీరు కూడా తొక్కక్కర్లేదు, అంది, ఆమె అలా అంటున్నప్పుడు అతను ఖాళీ వంటగదిలో నిలబడి ఊరికే కుళాయి తిప్పాడు, కట్టేశాడు, మళ్లీ తిప్పాడు, ఎవరది నీళ్లు పారబోస్తున్నది అని ఎవరూ కేక వేయలేదు, అందుకే ఇంకోసారి తిప్పాడు, ఇక్కడ అత్తారింట్లోనేమో తువ్వాలు ఆరేసుకోవడానికి ఒక కొక్కెం, అదీ మామగారిది తీశాక, ఫ్రిజ్ తెరవబోతూ అతను చిన్నగా దగ్గుతాడు, దొంగ దగ్గడు, ఇంటివాడు దగ్గక్కర్లేదు, ఈ రెండూ కాని వాడికే ఈ దగ్గు, పెళ్లైన కొత్తలో కాస్త నిలదొక్కుకునేదాకా అని వచ్చారు, ఆ కాస్త ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాడు, పోనీ వీళ్లు చెడ్డవాళ్లా అంటే అదీ కాదు, అదే వచ్చిన చిక్కు, చెడ్డవాళ్లయితే ఎప్పుడో తలుపు ధడాలున వేసి పోయేవాడు, జ్వరమొస్తే తడిగుడ్డ మార్చుతూ పక్కనే కూర్చునే అత్తగారి ఇంట్లోంచి ఏమని పోతాడు, మంచితనం కాళ్లకి చుట్టుకున్నంత గట్టిగా తాడు కూడా చుట్టుకోదు.

ఇదంతా ఆవిడ పనే, సందేహం లేదు, కూతురు గడప దాటుతుందని తెలిసిన రోజు నుంచీ చాప కింద నీరులా తిరుగుతోంది, మూడో అంతస్తు మెట్లు, మోకాళ్లు, నీళ్లు సరిగా వస్తాయో రావో, ఇవేవీ పారకపోయేసరికి కుక్కపిల్లని దించింది, మామగారికేముంది, టీవీ గొంతు తగ్గించి మరీ తన తీర్పు తాను చెప్పాడు, ఒక కుక్కుంటే మనం దానికి కాపలా, రెండుంటే ఒకదానికొకటి కాపలా, అని తన జోకుకి తనే నవ్వుకుని మళ్లీ గొంతు పెంచాడు, భార్య మాత్రం తల ఎత్తకుండా కుక్కపిల్ల చెవి నిమురుతూ, దొర పాపం ఒంటరివాడైపోయాడండీ, పగలంతా తలుపు వైపే చూస్తూ పడుంటాడు, అంది, తలుపు వైపు చూసేది దొర ఒక్కడేనా, నేను చూడటం లేదూ, నాకేం తోడు తెస్తారు, అని నోటిదాకా వచ్చింది, మింగేశాడు, పాపం దీన్ని కూడా తల్లి మాటకి తలూపేలా చేశారు, దీనికి ఎదురుచెప్పడం ఎక్కడొచ్చు, రేపు ఆ ఇంటికి పోయాక దీని నోరు దీనికొస్తుంది, ఇంతలో బల్ల మీద ఫోను మోగింది, చేతిలో కుక్కపిల్ల ఉందండీ, కాస్త ఎత్తండి, అంది భార్య, అంటూనే వద్దులెండి, తర్వాత మాట్లాడతాను, అంది, అప్పటికే స్పీకరు నొక్కేశాడు, కుక్కపిల్లనిచ్చిన ఆవిడ గొంతు గదంతా పరుచుకుంది, ఏమ్మా నచ్చిందా మీ ఆయనకి, మీరడిగారనే ఇన్నాళ్లూ ఎవరికీ ఇవ్వకుండా ఆపాను, కొత్తింటి సంతకం అయ్యేలోపే కావాలన్నారు కదా, మీ అమ్మగారికి కూడా చెప్పొద్దన్నారు, చెప్పలేదమ్మా, మరి ఉంచుకుంటున్నట్టేనా.

అత్తగారి నవ్వు ఆగిపోయింది, ఆవిడ కూతురి వైపు తిరిగి నోరు తెరిచిన తీరు చూస్తేనే తెలిసిపోతోంది, పాపం ఆవిడకేం తెలియదు, ఇంతసేపూ అనవసరంగా ఆవిడ పళ్ల మీద పడి ఏడ్చాడు, మామగారు టీవీ కట్టేశాడు, ఎందుకు కట్టేశాడో, అదేదో మోగుతూ ఉంటేనే బాగుండేది, కుక్కపిల్ల చెవి మీద భార్య చెయ్యి కదలడం లేదు, కోపం రావాలి కదా, మోసం కదా ఇది, వస్తుందేమోనని చూశాడు, రాలేదు, దాని బదులు ఆమె భుజాలు కనిపించాయి, ముందుకు ముడుచుకుని, దెబ్బ పడుతుందేమోనన్నట్టు, అతను ఎన్నడూ చెయ్యెత్తినవాడు కాదు, గొంతు కూడా ఎత్తడు, మరి దేనికి ఈ ముడుచుకోవడం, కూరగాయల కొట్టువాడితో, ఆఫీసులో మేనేజరుతో, కన్నతల్లితో కూడా గలగలా వాదించే మనిషి, నాకు రావాలని లేదండీ అన్న ఒక్క ముక్క మొగుడితో చెప్పలేక ఒక కుక్కపిల్లని అడ్డం పెట్టుకుంది, ఈ ఇంట్లో ఎవరి భయానికి అతను దగ్గుతూ తిరిగాడో గానీ, అతని భయానికి నోరు నొక్కుకుని తిరిగే మనిషి అతని మంచం మీదే పడుకుంటోంది, ఫోన్లో ఆవిడ హలో హలో అంటోంది, పడుకునే ముందు రోజూ మనిల్లు మనిల్లు అని ఎన్ని కబుర్లు చెప్పాడు, మంచం ఎటు వేయాలో, పరదా ఏ రంగో, ఆమె ఊఁ అనేది, ఆ ఊఁ చాలనుకున్నాడు, నీకు రావాలని ఉందా అని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.