పోతుతీగ

మా ఊళ్ళో బీరు ఎవరి ఇంటిది వాళ్ళే కాచుకుంటారు. చర్చి వెనకాల ఊరుమ్మడి బట్టీ ఉంది. వంతు వచ్చినవాళ్ళు కట్టెలూ, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ తీసుకుపోయి, కాచి, ఆ రసాన్ని పీపాల్లో ఇంటికి తెచ్చుకుని నేలమాళిగలో పులియబెట్టుకుంటారు. చేదుకు వేసే హాప్ కాయలు ఎవరి దొడ్లో వాళ్ళవే. గడల మీదికో గోడ మీదికో పాకిస్తాం. మనకు చాలినంత ఉంచుకుని మిగిలింది పట్నం ఏజెంటుకు అమ్ముతాం.

ఈ తీగలో ఆడది వేరు, పోతు వేరు. ఆడది కాస్తుంది. పోతుతీగ పూసి, పుప్పొడి గాలికి వదిలేసి ఊరుకుంటుంది. ఆ పొడి ఆడపూతకు తగిలిందా, కాయలో గింజ కడుతుంది. ఏజెంటు కాయను చిదిమి బొటనవేలితో నలిపి చూస్తాడు. గింజ తగిలితే కొనకుండా లేచి వెళ్ళిపోతాడు. అందుకని ఏటా జూన్‌లో ఒకడు కంచెలు, ఏటిగట్లు తిరిగి, అడవిగా మొలిచిన పోతుతీగల్ని వేళ్ళతో సహా తవ్వి తగలబెట్టాలి. పదకొండేళ్ళుగా ఆ కాపలా నాది. జీతం లేదు. బట్టీలో మొదటి వంతు నాది, అంతే.

ఆల్బిన్ ముసలాయనా, ఆయన కూతురు ఒటీలియా మా ఊరికి వచ్చింది యుద్ధం అయిపోయిన మరుసటి వసంతంలో. సరిహద్దు అవతల, హాప్‌కి పేరుపడ్డ సాట్స్ వైపు వాళ్ళది. యుద్ధం ఓడిపోయాక అక్కడి ప్రభుత్వంవాళ్ళు, మాలాగా జర్మను మాట్లాడేవాళ్ళంతా గంటలో ఇళ్ళు ఖాళీ చెయ్యాలన్నారట. ఆ గంటలో ఒటీలియా దుప్పట్లు మూటకడుతుంటే, ముసలాయన పార పట్టుకుని వాకిట్లోకి పోయాడు. గుమ్మం పక్కన నలభై ఏళ్ళుగా కాస్తున్న హాప్ తీగ ఉంది. మంచు తవ్వి, దాని వేరు జానెడు ముక్క నరికి, తడిగుడ్డలో చుట్టి కోటు లోపల పెట్టుకున్నాడు. నాలుగు రోజులు పశువుల పెట్టెలో రైలు ప్రయాణం. తాగడానికి ఇచ్చిన నీళ్ళలో సగం ఆ గుడ్డకే పోసేవాడని ఒటీలియా చెప్పింది. ఆమె మొగుడు తూర్పు యుద్ధం నుంచి తిరిగి రాలేదు.

ఊరి చివర మూతబడిన కమ్మరి కొట్టం వాళ్ళకిచ్చారు. ముసలాయన దాని దక్షిణపు గోడకి వేరు నాటాడు. అప్పటికే ఆయన రెండు కళ్ళకూ పొర. వెలుగూ నీడా తెలిసేది.

బట్టీ పెద్ద వెండెలిన్ ఊరుకునే మనిషి కాదు. "ఏం పెద్దాయనా, మా హాప్ మీకు పనికిరాదా?" అని అడిగాడు.

"ఎందుకు పనికిరాదూ? పశువుల కింద పరవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది."

మొదటి ఏడు తీగ మోకాలెత్తు లేచింది. రెండో ఏడు వెండెలిన్ మేక తాడు తెంచుకుని వచ్చి మొదలంటా మేసింది. "మా మేక అప్పట్నుంచి గడ్డి ముట్టట్లేదు పెద్దాయనా. సాట్స్ రుచి మరిగింది" అన్నాడు వెండెలిన్. "నీకంటే దాని నాలుకే నయం" అన్నాడు ముసలాయన. జనం నవ్వారు. ఆ నవ్వుల వల్లే ఆయన్ని ఊరు కొంచెం దగ్గరికి తీసినట్టనిపించింది. సరిహద్దు అవతల నుంచి అలాగే వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇంకొందరున్నారు, వాళ్ళకి అదీ లేదు.

మూడో ఏడు తీగ విజృంభించింది. జూన్ నెలాఖరున కంచెలన్నీ తిరిగి, పార భుజాన వేసుకుని కొట్టం ముందు నుంచి వస్తూ తలెత్తి చూశాను.

ఆడపూత మొదట్లో చిన్న ముళ్ళబొడిపెలా ఉంటుంది. ఇక్కడ బొడిపెలు లేవు. సన్నటి మొగ్గలు, కొమ్మలు కొమ్మలుగా విడిపోయి గుత్తులుగా వేలాడుతున్నాయి. పోతుపూత. ఇంకా విచ్చలేదు.

ముసలాయన దాని కిందే ముక్కాలిపీట మీద కూచుని, మొహం పైకెత్తి ఉన్నాడు. హాప్ తీగకు మనిషెత్తు దాకా ఆకు దులిపేస్తాం కాబట్టి ఆయన చేతికి అందేది ఉత్త కాడ.

"ఎవరూ? కిలియనా?"

"ఆఁ, పెద్దయ్యా."

"ఇంకా వాసన రావట్లేదేంట్రా?"

ఒటీలియా తలుపులో నిలబడి నా పారకేసి చూస్తోంది. "ఇంకా పిందేగా నాన్నా" అంది ఆయనతో. తర్వాత నన్ను గోడ చాటుకి పిలిచింది. ఆమె గోళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి. అందినంత ఎత్తు వరకూ మొగ్గల్ని రోజూ పొద్దున్నే తనే గిల్లేస్తోంది.

"తవ్వకండి కిలియన్ గారూ."

"తవ్వక తప్పదమ్మా. వారంలో విచ్చుకుంటుంది."

"విచ్చుకోనివ్వను. ఒక్క గుత్తి ఉండనివ్వను. నిచ్చెన ఇప్పించండి చాలు."

"ఎన్నాళ్ళు ఇలా? సెప్టెంబరు వస్తుంది. కాయేదీ అంటాడు."

"అప్పుడు మీ దొడ్లోంచి దోసెడు కాయలివ్వండి. ఆయన చేతిలో పోస్తాను. వాసన చూస్తాడు. వచ్చే ఏడు తెగులొచ్చి పోయిందని చెబుతాను." గోళ్ళు తుడుచుకుంటూ అంది, "యాభై ఏళ్ళు హాప్ తప్ప ఇంకేం తెలీదు ఆయనకి. ఇల్లు పోయింది, పొలం పోయింది, నోరెత్తలేదు. ఈ వేరు తెచ్చాను కదా అంటాడు. ఇది పోతుదని తెలిస్తే ఇంకేం మిగల్దు."

నేను తవ్వి ఉండాల్సింది. నిచ్చెన తెచ్చాను.

మూడు రోజులకోసారి తెల్లవారుజామున పోయేవాణ్ణి, ముసలాయన లేవకముందు. ఇద్దరం పైనుంచి కిందిదాకా గిల్లేవాళ్ళం. గిల్లిన పూతని ఆమె పొయ్యిలో వేసేది. ఇంట్లో నా భార్యకి కూడా చెప్పలేదు. ఊళ్ళో ఎవరూ అటు రారు, వచ్చినవాళ్ళ కొట్టం కదా.

జూలై ఇరవై దాటాక గాలివానకి తీగ తల జారితే కట్టడానికి ఎక్కాను. కట్టాక ఎందుకో ఇంకో మెట్టెక్కి కప్పు అవతలికి తొంగిచూశాను. ఒక కొస కప్పు దాటి వెనక వాలుకి పాకింది. అటు పక్క దురదగొండి పొదలు, మనిషి తిరగడు. బారెడు పొడుగునా గుత్తులు విచ్చుకుని వేలాడుతున్నాయి. చెయ్యి తగిలితే పొగలా లేచింది. పలకరాయి కప్పంతా పసుపు చల్లినట్టుంది. పది రోజులుగా పడమటి గాలి. ఊరు తూర్పున ఉంది.

దాన్ని కోసి కిందికి తెచ్చాను. ఒటీలియా చూసింది.

"ఎంత దూరం పోతుంది?" అంది.

"గాలిని బట్టి."

అప్పుడైనా ఊళ్ళో చెప్పొచ్చు. చెప్పి చేసేదేముంది అనుకున్నాను. అలా అనుకోవడం తేలిక.

సెప్టెంబరు మొదటి వారంలో కాయలు కోశాం. ఒటీలియా మళ్ళీ అడగకముందే నా దొడ్లోంచి గంపెడు పట్టుకెళ్ళి ఆమె చేతికిచ్చాను. ఆ సాయంత్రం ఆయన చేతిలో పోసిందట. ముసలాయన వాసన చూశాడు. "మట్టి తేడా. కొంచెం మారింది" అన్నాడు. మొహం వెలిగిపోయిందని చెప్పింది. ఆ తర్వాత, చేతి అలవాటు, ఒక కాయని చిదిమి బొటనవేలితో నలిపాడు. ఆగాడు. ఇంకోటి నలిపాడు. ఇంకోటి.

"గింజ ఉంది ఒటీలియా."

"ఉండదు నాన్నా."

"నాకు చెప్పకు. ఈ ఊళ్ళో ఎక్కడో పోతుతీగ ఉంది."

మర్నాడు ఆదివారం. చర్చిలో పూజ అయ్యాక మగాళ్ళంతా బట్టీలో చేరారు. ఆ ఏటి మొదటి వంతు, నాది. రాగి గంగాళం కింద మంట ఎగదోస్తున్నాను. ముసలాయన కర్ర తాటిస్తూ వచ్చాడు. వెనక ఒటీలియా. ఆపడానికి చూసినట్టుంది, కొప్పు ఊడిపోయి ఉంది.

"మీ ఊళ్ళో పోతుతీగ ఉంది" అన్నాడు ముసలాయన, గుమ్మంలోనే నిలబడి. "మా గోడ మీద కాసిన కాయల్లోనే గింజ కట్టింది. మీ దొడ్లలో చూసుకోండి."

వెండెలిన్ పక్కనున్న గోనెలోంచి నాలుగు కాయలు తీసి నలిపాడు. మిగతావాళ్ళూ నలిపారు. అందరి వేళ్ళకీ గింజలు తగిలాయి.

"ఎవర్రా మీ కాపలావాడు?"

"నేనే పెద్దయ్యా" అన్నాను.

"నువ్వా." మొహం నా వైపు తిప్పాడు. "గుడ్డివాణ్ణి నేను. వేలితో పట్టుకున్నాను. నీకు రెండు కళ్ళున్నాయే. జూన్ అంతా ఏం చేశావు? కంచె పక్కన నిద్రపోయావా?"

ఎవరో కిసుక్కుమన్నారు.

"మా వైపు కాపలావాడు ఒక్క పోతుని వదిలాడనుకో, మెళ్ళో గంట కట్టి ఊరంతా తిప్పేవాళ్ళు. నీకు గంటెందుకులే, వెండెలిన్ మేక తాడుంది."

వెండెలిన్ నవ్వాడు. అందరూ నవ్వారు. పంట పోయిన భయం ఉన్నా నవ్వారు, భయం వల్లనే నవ్వారేమో. అన్నేళ్ళలో ఆ బట్టీలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. ఒటీలియా నాకేసి చూస్తూ తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా.

"పోతుతీగ ఉన్నది మీ గోడ మీదే పెద్దయ్యా" అన్నాను. "మీరు మోసుకొచ్చిందే."

గంగాళంలో రసం ఉడుకుతున్న చప్పుడు. ముసలాయన మొహం కూతురి వైపు తిప్పాడు.

"ఒటీలియా."

"అవును నాన్నా."

"ఎప్పట్నుంచి?"

"పూసినప్పట్నుంచి."

నాకూ తెలుసని ఆమె చెబుతుందని ఎదురుచూశాను. చెప్పలేదు. ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

"ఇవాళే తవ్వెయ్ కిలియన్" అన్నాడు వెండెలిన్. నవ్వు లేదు ఇప్పుడు. "రానిచ్చి చోటిస్తే ఇదీ ఫలితం."

బట్టీని వేరేవాళ్ళకి అప్పజెప్పి పార తీసుకుని వెళ్ళాను. హాప్ వేరు మనిషి ఛాతీ లోతు దాకా దిగుతుంది. ముసలాయన పీట తెచ్చుకుని గోతి పక్కనే కూచున్నాడు. మొదటి లావు వేరు తెగగానే చెయ్యి చాపాడు. ఇచ్చాను. గోటితో గీరి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మీరు వేరు తీసిన మార్చిలో ఆకుండదు పెద్దయ్యా" అన్నాను తవ్వుతూనే. "పిట్ట వేసిన గింజ మీ తీగ మొదట్లోనే పోతుతీగై మొలిచి ఉంటుంది. వేర్లు రెండూ పెనవేసుకుపోతాయి. ఎవరైనా పొరబడతారు."

"ఎవరైనా పొరబడతారు. నేను పొరబడకూడదు."

ఇంకో వేరు నరికి పక్కన పడేశాను.

"నువ్వెప్పుడు చూశావు?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. గోతిలో ఉన్నాను, నా మొహం ఆయనకెలాగూ కనిపించదు.

"జూన్‌లో."

"పూత విచ్చకముందేనా?"

"విచ్చకముందే. ఒటీలియా అడిగింది. మీ కోసమని..."

"నా కోసం." వేరు ముక్క కింద పెట్టేశాడు. "పోతుని చూసి, చేతిలో పార పెట్టుకుని ఊరుకున్నావు. ఊరి పంటంతా. నా కోసం." కర్ర కోసం తడుముకుంటూ అన్నాడు, "ముందే చెప్పి ఉంటే నేనే తవ్వేవాణ్ణి కదరా. ఆ ఒక్కటైనా నా చేత్తో చేసేవాణ్ణి."

మళ్ళీ నాతో మాట్లాడలేదు. పీట తీసుకుని లోపలికి పోయాడు. చీకటి పడేదాకా తవ్వాను.

ఏజెంటు వచ్చాడు. ఏడిళ్ళు తిరిగాడు, ఏడిళ్ళలోనూ కొనకుండా లేచి వెళ్ళిపోయాడు. ఆ వారం నుంచి ఒటీలియాకి పాలు పోసేవాళ్ళు మానేశారు. కొట్టం తలుపు మీద ఎవరో బొగ్గుతో "పోతు" అని రాశారు. నేను ఆ దారిన రోజూ పొలానికి పోయేవాణ్ణి. తుడవలేదు.

ముసలాయన తిండి తగ్గించాడు. జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. నవంబరులో, నేల ఇంకా గడ్డకట్టకముందు పోయాడు. శవపెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి. ఊరివాళ్ళం నలుగురం వచ్చాం. మిగతా ఇద్దరూ వచ్చినవాళ్ళలోంచే.

ఖననం అయిన మర్నాడు ఒటీలియా మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. నా భార్య వంటింట్లో ఉంది.

"సమాధి మీద మన్ను ఎవరో తన్నేశారు" అంది. "నన్నేమన్నా అననివ్వండి. ఆయన చేసిన పాపం ఒక్కటే, తప్పు వేరు తవ్వడం. తెలిసి దాచింది నేనూ మీరూ. మీకు జూన్‌లోనే తెలుసని బట్టీలో ఒక్కసారి చెప్పండి. వాళ్ళు నా మాట నమ్మరు. మీ మాట నమ్ముతారు."

"చెబుతాను" అన్నాను.

"ఎప్పుడు?"

"అందరూ కూడినప్పుడు."

క్రిస్మస్‌కి కూడారు. బట్టీ వంతులు మళ్ళీ రాసేటప్పుడు కూడారు. వెండెలిన్ నా పేరు మొదట చదివి, "కాపలా కిలియన్‌దే, ఎప్పట్లాగే" అన్నాడు. ఎవరూ కాదనలేదు. నేను లేచాను. అందరూ నాకేసి చూశారు. కిటికీ మూయాలా అని అడిగి, మూసి, కూచున్నాను.

మార్చిలో ఒటీలియా పట్నంలో నూలుమిల్లులో పనికి వెళ్ళిపోయింది. బస్సు దగ్గర కనిపించింది. నేను టోపీ తీశాను. ఆమె మూట ఇంకో చేతికి మార్చుకుంది.

ఆ ఏడు జూన్‌లో పదమూడు పోతుతీగలు తవ్వాను. ప్రతిదాన్నీ బట్టీ ముందుకి తెచ్చి, వెండెలిన్‌కి చూపించి తగలబెట్టాను.