పక్కన కూర్చునే మనిషి

ఎలీషబా అప్పటికే మంచంలోని ముసలాయన గడ్డం మీది వాంతిని రెండుసార్లు తుడిచింది. మూడోసారి తడిగుడ్డ పిండుతుంటే ఆయన ఆమె మణికట్టు పట్టుకుని ఏదో గొణిగాడు.

"పట్టుకో పెదనాయనా. యాడికీ పోనులే" అని, ఆ పట్టు సడలేదాకా వంగే నిలబడింది.

మార్కాపురంలోని ఆ ఆసుపత్రి క్యాజువాలిటీలో ఆమె నర్సు కాదు, ఆయా కాదు. తాగి పడిపోయినవాళ్ళను, తాగుడుతో ఒళ్ళు చెడినవాళ్ళను తెచ్చినప్పుడు పక్కన కూర్చోవడం ఆమె పని. ఒకప్పుడు తాగి మానుకున్నవాళ్ళే ఈ పనికి కావాలని ఒక సంస్థవాళ్ళు వెతికినప్పుడు, ఆడవాళ్ళలో నోరు తెరిచి ఒప్పుకున్నది ఆమె ఒక్కతే. నీలం కోటు ఇచ్చారు. ఆ కోటులోంచి బయటికి కనిపించే చేతులు మాత్రం ఇంకా పలకల ఫ్యాక్టరీవే. గోళ్ళ సందుల్లో బూడిదరంగు, ఎడమ బొటనవేలి మీద రంపం కోసిన మచ్చ. ఇరవై రెండేళ్ళు పలకలు కోసింది. నడుము పట్టేసిందని ఒక గుక్క, నిద్ర పట్టడంలేదని ఇంకో గుక్క, చివరికి లేచి నిలబడాలన్నా ఒక గుక్క. కూతురి పెళ్ళిలో తూలి పందిరి గుంజ మీద పడింది. మానేసి ఆరేళ్ళు దాటింది. కురిచేడులో కాపురముంటున్న ఆ కూతురు ఇప్పటికీ ఫోను ఎత్తదు. ప్రతి ఆదివారం ఎలీషబా చేస్తూనే ఉంటుంది.

పది గంటలప్పుడు హనుమంతునిపాడు వైపు నుంచి ఆటోలో ఒకామెను తెచ్చారు. పేరు భాగ్య, ముప్పై అయిదేళ్ళుంటాయి. గొర్రెలు కాచుకునే ఇల్లు. భర్త శ్రీహరి ఆమెను రెండు చేతుల మీదా ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. పొద్దున నెత్తురు వాంతి చేసుకుందట.

"కడుపులో పుండు మేడం. కారం పడదు దీనికి" అన్నాడు డ్యూటీ డాక్టరు ప్రియదర్శినితో.

డాక్టరు భాగ్య పచ్చబడిన కళ్ళు చూసింది, ఉబ్బిన కడుపు నొక్కి చూసింది. సెలైన్ పెట్టించి, ఒంగోలు తీసుకుపోవడానికి అంబులెన్సుకు ఫోను చేయించింది. రక్తం నమూనా ఇచ్చి శ్రీహరిని ల్యాబుకు పంపింది.

ఎలీషబా స్టూలు లాక్కుని కూర్చుంది. భాగ్య ఖాళీ చేతిని తొడ కింద అదిమి పెట్టుకుని ఉంది. వణుకు ఎవరికీ కనబడకుండా ఎలీషబా కూడా ఒకప్పుడు అట్లాగే దాచుకునేది.

"నేనూ తాగినదాన్నే చెల్లే" అంది చిన్నగా. "పళ్ళు తోముకోకముందే తాగేదాన్ని. ఆఖరుసారి ఎప్పుడు తాగినావు?"

భాగ్య మొహం గోడవైపు తిప్పుకుంది. ఎలీషబా మళ్ళీ అడగలేదు, లేచి పోనూ లేదు. పక్క మంచం మీద ముసలాయన గురక మొదలుపెట్టాడు.

"మొన్న పొద్దున" అంది భాగ్య, గోడకు చెప్తున్నట్టు. "ఆయన మందను తోలుకోని నల్లమలకు పోతే మూడు నెల్లు రాడక్కా. నిద్ర పట్టేది కాదు. అట్ల మొదలైంది. పన్నెండేండ్లయింది. ఆయనకు తెలీదు. చెప్పొద్దు."

"ఆయనకు చెప్పను. డాక్టరమ్మకు చెప్పాల. లేకపోతే ఏ మందు ఇయ్యాలో ఆమెకు ఎట్ల తెలుస్తాది?"

భాగ్య కళ్ళు మూసుకుని తల ఊపింది.

ఎలీషబా చెప్పగానే డాక్టరు ఒక ఇంజెక్షను మార్చింది. తర్వాత ఆమెను పక్కకు పిలిచి, "లివరు పూర్తిగా పోయినట్టుంది. ఒంగోలు దాకా తట్టుకుంటే అదృష్టం" అంది.

వణుకు కొంచెం తగ్గాక భాగ్య, "తల దువ్వుకోవాల" అంది. "ఆయనకు నేనే చెప్తా. ఈ చింపిరి తలతో చెప్పలేను."

నర్సును అడిగి ఎలీషబా ఎర్ర దువ్వెన తెచ్చింది. భాగ్యను ఒక పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టి, చిక్కులు లాగకుండా కొసల నుంచి దువ్వింది. మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది.

"నువ్వెట్ల మానినావక్కా?"

"మానినానని చెప్పలేను. ఈ పూటకు తాగలేదు, అంతే."

"నాకూ ఇప్పిస్తావా, ఆ నీలం కోటు?"

"ఇప్పిస్తాలే. నీకు పొట్టిది కావాల."

భాగ్య నవ్వినట్టుంది. కాసేపటికి జడ పట్టుకున్న చేతికి తల బరువు తెలిసింది. ఎలీషబా కేకకు డాక్టరు, నర్సు పరుగున వచ్చారు. ఛాతీ నొక్కారు. పన్నెండుంపావుకు ఆపేశారు.

శ్రీహరి ల్యాబు కాగితంతో వచ్చి మంచం కాళ్ళ దగ్గర ఆగిపోయాడు.

ఎలీషబా భాగ్యకు మాట ఇచ్చి ఉంది. "కడుపులో పుండు పగిలింది తమ్ముడూ" అంది.

అతను వంగి భార్య కాళ్ళ మీది దుప్పటి సర్దాడు.

"నాకు తెలుసక్కా" అన్నాడు. "దొడ్లో అది దాచిన ఖాళీ సీసాలు మా అమ్మ కంట పడకుండా నేనే గుంట తీసి పూడ్సేవాణ్ణి. అడిగితే ఇల్లు ఇడిసి పోతాదేమోనని అడగల్యా." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీకు చెప్పిందా?"

"చెప్పింది. నువ్వొస్తే నీకూ చెప్దామనే ఉన్నింది."

అతను తల ఊపి ఆటో పిలవడానికి బయటికి పోయాడు. ఎలీషబా జడ చివరిదాకా అల్లి, కట్లు కట్టే గాజుగుడ్డ పీలికతో ముడి వేసింది. ఒంగోలు పోవలసిన అంబులెన్సు వచ్చి, ఖాళీగా వెనక్కి తిరిగింది. శ్రీహరి భార్యను తెచ్చినట్టే రెండు చేతుల మీదా ఎత్తుకుపోయాడు.

మధ్యాహ్నం యర్రగొండపాలెం బస్సులో పడిపోయినతన్ని ఎవరో మోసుకొచ్చారు. ఎలీషబా చేతులు కడుక్కుని, స్టూలు తీసుకుని అతని దగ్గరికి వెళ్ళింది. నర్సు తన దువ్వెన కోసం వచ్చి, చూసి, ముట్టుకోకుండా వెళ్ళిపోయింది. ఖాళీ మంచం మీద ఆ ఎర్ర దువ్వెన, దాని పళ్ళ మధ్య నాలుగైదు పొడుగాటి వెంట్రుకలు.